దేవుని తీగ

అమ్మగారు ఎవరింటికి వచ్చినా ముందు మనిషిని చూసేవారు కాదు, దడిని చూసేవారు. గేటు తీసి, చెప్పులు విడిచి, మనం వందనాలు చెబుతుంటే చేతులు జోడించేవారు గానీ, కళ్ళు మాత్రం మన భుజం మీదుగా వెనక పాకిన పాదు మీద ఉండేవి. "ఏంటమ్మా ఈ చిక్కుడు? పాకెట్ గింజేనా?" అనేవారు. అవునంటే, ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని విన్నట్టు "అలాగా" అని నిట్టూర్చేవారు. ఆ తర్వాతే మన ముఖం చూసి, "పిల్లలు బాగున్నారా?" అని అడిగేవారు.

మా లూథరన్ సంఘాల్లో పాస్టరు గారి భార్యకి పేరుండదు. ఆయన అయ్యగారు, ఆవిడ అమ్మగారు. మొన్న జులైలో, వానలో, ఆవిడని సమాధి చేసిన రోజు పెట్టె మీద రాసిన పేరు ఇప్పటి పాస్టరు గారు పైకి చదివితే ఆడవాళ్ళం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఏళ్ళ తరబడి ఆవిడ చేతి కాఫీ తాగినవాళ్ళం. ఆ పేరు ఇక్కడ రాస్తే వేరే ఎవరి గురించో రాస్తున్నట్టు ఉంటుంది నాకు. అందుకని రాయను.

ఆ రోజు సమాధి దగ్గర, బలహీనంగా విత్తినది బలంగా లేస్తుందన్న వాక్యం చదివారు. ఎన్నోసార్లు విన్న వాక్యమే. నేను సండేస్కూల్లో చెప్పే పాఠమే. అయినా ఆ రోజు విత్తనం అనే మాట దగ్గర నేను తలెత్తి పెట్టె వైపు చూశాను. ఎందుకంటే ఆవిడ పోయేనాటికి ఆవిడ డబ్బాలో ఒక్క గింజ లేదు.

ఆ డబ్బా సంగతి చెప్పాలి. ప్రభువు బల్లకి వాడే రొట్టె బిళ్ళలు వచ్చే గుండ్రటి రేకు డబ్బా అది. రంగు పోయి, మూత సొట్టపడి ఉండేది. పాస్టర్ల బతుకు ట్రాన్స్‌ఫర్ల బతుకు. ఎండాకాలంలో ఆర్డరు వస్తుంది, మంచాలూ బీరువా ట్రాక్టరు ఎక్కుతాయి. అయ్యగారి పుస్తకాలూ హార్మోనియం కూడా ట్రాక్టరులోనే. డబ్బా మాత్రం అమ్మగారి ఒళ్ళో. కొత్త బంగళాలో దిగగానే పొయ్యి ఎక్కడ పెట్టాలో చూసుకోకుండా పెరట్లో ఎండ ఎటు పడుతుందో చూసేవారట. ఆషాఢంలో వానలు పడగానే గింజలు పెట్టేవారు.

ఆవిడ అత్తగారిది గోదావరి లంక. ఆ ఇల్లు వరదలో పోయింది. వాళ్ళ పెరటి చిక్కుడు మాత్రం ఈ డబ్బాలో మిగిలింది. లేత ఆకుపచ్చ కాయకి చీర అంచులా ముదురు వంకాయ రంగు అంచు. గింజ నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది, మీద తెల్లటి గీత. ఆ తెల్ల గీత చూపించి అమ్మగారు, "చూడమ్మా, నల్ల అంగీ తెల్ల కాలరూ. ఒక్కొక్కటీ ఒక అయ్యగారు" అనేవారు. గింజలు పెట్టే ముందు డబ్బాని చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, "ఉన్నారా అయ్యగార్లూ?" అని అడిగేవారు. గలగలమనేది. "ఉన్నారు" అని తనే జవాబు చెప్పుకుని మూత తీసేవారు.

నేను పెళ్ళయి ఈ ఊరు వచ్చిన ఏడే వాళ్ళూ ఈ సంఘానికి వచ్చారు. కాలవ గట్టు మీద చర్చి, దాని వెనకే బంగళా. నేను పాఠాలు చెప్పే బడి నుంచి వచ్చేటప్పుడు అక్కడ ఆగి, క్వాయర్ పాటలు ఎంచుకునే నెపంతో కాఫీ తాగి ఇంటికి పోయేదాన్ని. పాటలకన్నా చిక్కుడు గురించే ఎక్కువ విన్నాను.

ఆవిడకొక నియమం ఉండేది. పాదులన్నీ వరసగా ఒకే పందిరికి పాకించేవారు. వాటిలో ఏది ముందు పూస్తే అది దేవుని తీగ. పొద్దున్నే మంచులో నిలబడి, తల మీద కొంగు వేసుకుని, ప్రార్థన చేసి, పాత చీర నుంచి చింపిన తెల్ల పీలిక ఆ తీగ మొదట్లో కట్టేవారు. ఇక అది ఇంట్లోవాళ్ళది కాదు. దాని మొదటి కాయా దేవుడిదే, చివరి కాయా దేవుడిదే. కోత పండుగ ఆదివారం వరకూ దాన్ని ఎవరూ ముట్టకూడదు. పండుగ తర్వాత కాసినవి కూడా ప్రతి ఆదివారం బల్ల మీదకి వెళ్ళాల్సిందే. విత్తనానికి కూడా దానిలోంచి ఒక్క కాయ తీసేవారు కాదు. "దేవుడికిచ్చినదాంట్లోంచి గింజ దాచుకుంటే అది దొంగతనం కాదూ?" అనేవారు. విత్తనం మిగతా తీగల నుంచే.

అయ్యగారు మెత్తటి మనిషి. వాకిట్లో కుర్చీ వేసుకుని నవ్వేవారు. "మా ఇంట్లో వరస ఏంటంటే, మొదటిది దేవుడికి, రెండోది విత్తనానికి, మూడోది ఇరుగుపొరుగుకి. నేను నాలుగోవాణ్ణండి."

"నాలుగోవారైనా పళ్ళెం ఖాళీగా లేదు కదా" అనేవారు అమ్మగారు లోపల్నించి.

ఆరాధనకి ఆలస్యంగా వచ్చేవాళ్ళని కూడా ఆవిడ చిక్కుడు లెక్కలోనే తిట్టేవారు. రెండో పాటకి వచ్చి బెంచీ మీద కూర్చున్న నన్ను ఒకసారి వెనక్కి తిరిగి చూసి, మెల్లగా, "వచ్చిందమ్మా వెనక పూత" అన్నారు. ఆ తర్వాత నేనెప్పుడూ ఆలస్యంగా వెళ్ళలేదు.

కోత పండుగంటే మా సంఘాల్లో వరి కోతలయ్యాక, క్రిస్మస్‌కి ముందు వచ్చే ఆదివారం. ఎవరి పంట వాళ్ళు తెచ్చి బల్ల ముందు పెడతారు. వరి కంకులు, గుమ్మడికాయలు, కోళ్ళు, అరటి గెలలు. ఆరాధన అయ్యాక ఆవరణలో వేలం పాట. పాడుకున్న డబ్బు సంఘానికి. ఇప్పుడు చాలామంది కవరు వేసేస్తున్నారు గానీ, అప్పట్లో ఆవరణ సంతలా ఉండేది.

అమ్మగారి దేవుని తీగతో వచ్చిన చిక్కేంటంటే, అది మరీ ముందు పూసేది. దసరా సెలవుల్లోనే పూత. పండుగ నాటికి కాయ ముదిరి, తోలులా అయిపోయి, లోపల గింజలు తేలి ఉండేవి. లేతగా ఉన్నప్పుడు కోసి తేవచ్చు కదా అంటే, పండుగకి ముందు కోస్తే అది కానుక కాదు, కూర అనేవారు.

మా కోశాధికారి గారు వేలం పాడించడంలో మంచి నోరున్న మనిషి. ఒక ఏడు చేట పైకెత్తి, "అమ్మగారి చిక్కుళ్ళండి. పళ్ళు గట్టిగా ఉన్నవాళ్ళే పాడండి" అన్నారు. ఆవరణంతా నవ్వింది.

అమ్మగారు తగ్గలేదు. "పళ్ళు లేనివారు పాట ఎందుకు పెడుతున్నారండీ మరి?"

ఇంకా నవ్వారు. నవ్వారే గానీ ఎవరూ పాడలేదు. ప్రతి ఏడూ మొహమాటానికి పాడే సంఘపెద్ద ఆ రోజు ఊళ్ళో లేరు. కోశాధికారి గారు అడగడం, ఊరుకోవడం, మళ్ళీ అడగడం. అమ్మగారు చెంగు వేలికి చుట్టుకుంటూ నిలబడ్డారు. అప్పుడు గేటు దగ్గర నుంచి ఒక గొంతు పాడింది. సముద్రం వైపు నుంచి ఆదివారాలు చేపలు తెచ్చే మనిషి, గంప దించుకుని వేలం చూస్తోంది. కోశాధికారి గారు రెండోసారి అడగకుండా చేట ఆవిడ గంపలో వంచేశారు. అమ్మగారు గేటు దాకా వెళ్ళి, "బాగా ఉడకబెట్టుకో అమ్మా" అని చెప్పి వచ్చారు. ఇంటికొచ్చాక నాతో, "చూశావా, మనవాళ్ళెవరికీ అక్కర్లేకపోయింది" అన్నారు. అంతే. మరి ఆ మాట ఎత్తలేదు.

తర్వాత వాళ్ళకి ట్రాన్స్‌ఫర్ అయింది. ఒక ఊరు, ఇంకో ఊరు. చివరికి రిటైరయ్యాక మా ఊరి చివర చిన్న ఇల్లు కట్టుకుని వచ్చేశారు. అప్పటికి అయ్యగారికి చూపు తగ్గింది. అమ్మగారికి జుట్టంతా తెల్లబడింది. డబ్బా మాత్రం అదే. నేను గేటు తీయగానే "ఉన్నారా అయ్యగార్లూ?" అని వినపడింది. నాకు ప్రాణం లేచివచ్చింది.

కానీ ఆ ఏడు నాకొకటి వింతగా అనిపించింది. దసరా సెలవులు వెళ్ళిపోయాయి, దీపావళి మందుగుండు చప్పుళ్ళు అయిపోయాయి, అమ్మగారి పందిరి పచ్చగా, ఏపుగా, పూత లేకుండా ఉంది. మేం క్రిస్మస్ పాటలు ప్రాక్టీసు చేసే రోజుల్లో మొదటి పూత కనపడింది. తెల్ల పీలిక అప్పుడు కట్టారు. కోత పండుగకి కాయ లేదు. అమ్మగారు పూత గెల ఒకటి కోసి, పళ్ళెంలో పెట్టి తెచ్చారు. వేలంలో కోశాధికారి గారు దాన్ని ఎత్తి, అటూ ఇటూ చూసి, ఈసారి ఏ హాస్యమూ ఆడకుండా మళ్ళీ బల్ల మీద పెట్టేశారు. ఆయనకీ వయసు మీదపడింది.

ఆ తర్వాతి ఏళ్ళలో అదీ లేదు. సంక్రాంతి దాటాక పూసేది. పూసిన పూతకి పేనుబంక పట్టేది, మిగిలినది ఎండకి రాలేది. నాలుగు కాయలు నిలిస్తే అవే విత్తనం. అయ్యగారు చనిపోయిన ఏడు అవి కూడా సగం తాలుగా వచ్చాయి. దానికి తోడు, వాళ్ళ ఇంటి వెనక వరి చేనుని రొయ్యల చెరువు చేశారు. మట్టికి ఉప్పు తగిలింది. నేను పాలకొల్లు నుంచి ఎర్ర చిక్కుడు పాకెట్ తెచ్చిస్తే పెట్టారు. కాసింది కూడా. దానికి పీలిక కట్టలేదు. "ఇది నా చేతికొచ్చినది కాదమ్మా, షాపుకొచ్చినది" అన్నారు.

ఒక కోత పండుగ సాయంత్రం ఆవిడ ఇంటికి వెళ్ళాను. ఆరాధనకి రాలేదేమని. అమ్మగారు వంటింటి గుమ్మంలో కూర్చుని ఉన్నారు. పక్కన డబ్బా.

"ఖాళీ చేతులతో ఎలా వస్తానమ్మా?"

"కవరు వేయొచ్చు కదండీ అమ్మగారూ. అందరూ అదే కదా."

ఆవిడ డబ్బా ఒళ్ళోకి తీసుకున్నారు. "మొదట్లో పీలిక దసరాకి కట్టేదాన్ని. నీకు గుర్తుందా? తర్వాత దీపావళికి. ఆ తర్వాత పాటల ప్రాక్టీసుకి. ఇంట్లో కూర్చుని అదే ఆలోచిస్తున్నాను. ముందు పూసే గుణం ఉన్న తీగనల్లా ఏరి, గుర్తు కట్టి మరీ, గింజ మిగల్చకుండా ఇచ్చేశాను. ఆలస్యంగా పూసినవాటి గింజే దాచుకున్నాను. ఏటేటా అదే పని. ఇక ముందు పూయమంటే ఎక్కడి నుంచి పూస్తుంది?"

నేను ఏదో అనబోయాను. ఆవిడ చెయ్యెత్తి ఆపారు.

"బైబిల్లో ఆ మొదటి అన్నదమ్ముల్లో, గొర్రెపిల్ల తెచ్చిన తమ్ముడి కానుక మెచ్చి, పొలం పంట తెచ్చిన అన్న కానుక వైపు దేవుడు చూడలేదు. ఎందుకు చూడలేదో వాక్యంలో విడమరిచి లేదు. అయ్యగారిని పెళ్ళయిన కొత్తలోనే అడిగాను. ఆయన ఏవేవో చెప్పారు. నాది కూడా దేవుడు చూడలేదేమో."

"దేవుడు మనసు చూస్తాడు కదండీ."

"మనసు చూస్తాడమ్మా. పళ్ళెం కూడా చూస్తాడు." కొంగుతో డబ్బా మూత తుడిచారు. "దేవుడికిచ్చింది దేవుడు దాచుకుంటాడనుకున్నాను. దాచుకోలేదు. మనమే పాడుకుని, తీసుకెళ్ళి వండుకు తినేశాం."

చర్చిలో ఆ సాయంత్రం కూడికకి గంట కొట్టారు. ఇద్దరం కదల్లేదు. నేను వెళ్ళేముందు ఆవిడ అలవాటుగా డబ్బా చెవి దగ్గర పెట్టుకున్నారు. ఆడించారు. చప్పుడు లేదు. అడగాల్సిన ప్రశ్న అడగలేదు. కింద పెట్టేశారు.

ఆ తర్వాత ఆవిడ ఎవరి గేటు తీసినా ముందు మనిషి ముఖమే చూసేవారు. మాకది బాధగా ఉండేది. ప్రార్థన మానలేదు, చర్చి మానలేదు. కానీ కోత పండుగ ఆదివారం మాత్రం ఏదో ఒక ఊరు వెళ్ళేవారు, లేకపోతే ఒంట్లో బాగాలేదనేవారు. జులైలో, విత్తనం పెట్టే రోజుల్లోనే, నిద్రలో పోయారు.

అక్టోబరులో మా స్త్రీల సమాజం సముద్రం పక్క సంఘంలో ప్రార్థన కూడికకి వెళ్ళింది. తిరిగి వచ్చేటప్పుడు ఎండు రొయ్యలు కొందామని నేను బస్సు స్టాపు వెనక మత్స్యకారుల వీధిలోకి నడిచాను. వల ముక్కలూ తాటాకులూ కలిపి కట్టిన ఒక దడి దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి. దడి నిండా చిక్కుడు పూత. వీధిలో మరెవరి పాదూ ఇంకా మొగ్గ తొడగలేదు. దగ్గరికెళ్ళి చూశాను. ఒక తీగకి అప్పుడే నాలుగు లేత కాయలు వచ్చాయి. లేత ఆకుపచ్చ, వంకాయ రంగు అంచు. ఆ తీగ మొదట్లో నీలం వల ముక్క ఒకటి కట్టి ఉంది.

లోపల్నించి ఒక పెద్దావిడ వచ్చింది. "రొయ్యపొట్టా, ఎండు రొయ్యలా అండి?"

"ఈ చిక్కుడు ఎక్కడిదండి?"

"రొయ్యలకొచ్చి చిక్కుడడుగుతారేంటండి" అని నవ్వింది. "చర్చి చిక్కుడండి ఇది. మా వీధిలో అందరూ అలాగే అంటారు."

"ఏ చర్చి?"

ఆవిడ మా ఊరి పేరే చెప్పింది. "కాలవ గట్టు మీద పెద్ద చర్చి లేదాండి? ఆదివారాలు చేపలట్టుకుని వచ్చేదాన్ని. ఓ పండక్కి పాట పెట్టారు. ఎవరూ పాడరు, అందరూ నవ్వుతున్నారు. పాపం ఆ పాస్టరమ్మగారు చెంగు చుట్టుకుంటా నిలబడ్డారు. ఆవిడ మొహం చూళ్ళేక పాడేశానండి."

నేను దడి పట్టుకున్నాను. "ఉడికాయా?"

"రాళ్ళండి బాబూ. పొద్దస్తమానం పొయ్యి మీద ఉంచినా రాళ్ళే. మా ఆయన కంచం తోసేశాడు. వండకుండా మిగిలినవి కోపంతో ఈ దడి మొదట్లోకి విసిరేశాను. వానలకి అవే లేచాయి. వీధిలో ఎవరికీ పూత లేనప్పుడు మాకు కూర. ఆయ్, అప్పట్నుంచీ ఇదేనండి."

"ఆ వల ముక్క?"

"ముందు పూసిన తీగకి కడతానండి, మనవలు తుంపేయకుండా. దాని కాయ పొయ్యెక్కనివ్వను. ఎండేదాకా ఉంచి గింజ తీస్తాను. లేపోతే వచ్చే ఏడు ముందు కాయదు కదండీ." అని, చెయ్యి నడుం మీద పెట్టుకుని నన్ను చూసింది. "ఆవిడ బాగున్నారాండి? ఓ బుట్టెడు పట్టుకెళ్ళి చూపించాలనుకునేదాన్ని. మోకాళ్ళు పోయాక ఊళ్ళు తిరగడం మానేశాను."

చెప్పాను. జులైలో అని.

ఆవిడ లోపలికెళ్ళి కత్తి తెచ్చింది. వల ముక్క కట్టిన తీగ దగ్గరికి వంగింది. "అసలు ఇది మీ దేవుడి సొత్తండి. ఆవిడిచ్చింది. మధ్యలో నేను దాచుకున్నాను. ఈ నాలుగూ కోసిస్తాను, ఆవిడ పేరు చెప్పి పండక్కి పెట్టండి."

ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "కోయకండి."

"మరి దేవుడికో?"

"ఆయన దాచుకున్న చోటే ఉందండి. ఉండనివ్వండి."

ఆవిడకి నేనన్నది అర్థమైందో లేదో తెలియదు. కత్తి దడిలో గుచ్చి, లోపల ఉప్పు డబ్బాల పక్కనున్న సీసాలోంచి కిందటేటి గింజలు గుప్పెడు తీసి నా చేతిలో పోసింది. ఎండు రొయ్యలు కూడా ఇచ్చింది, నేను అడగడం మర్చిపోయినా.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని గుప్పిట తెరిచాను. నల్ల అంగీలు, తెల్ల కాలర్లు. అమ్మగారు మొన్న మొన్నటిదాకా బతికి ఉన్న మనిషి. ఆ సముద్రం నుంచి మా ఊరు ఒక్క బస్సు దూరమే. ఏ ఆదివారమైనా నేను రొయ్యలకని వచ్చి, ఈ దడి సంగతి ఆవిడకి చెప్పి ఉండొచ్చు. రావాలని తోచలేదు. ఎందుకు తోచలేదో ప్రార్థనలో అడుగుతూనే ఉన్నాను.

గుప్పిట మూసి, చెవి దగ్గర పెట్టుకుని ఆడించాను. గలగలమంది. "ఉన్నారా అయ్యగార్లూ?" అని పైకే అనేశాను. పక్క సీటావిడ నన్నేనా అన్నట్టు చూసింది. కాదని తల ఊపి, కిటికీ వైపు తిరిగి, ఆ జవాబు కూడా నేనే చెప్పుకున్నాను.